వాయిద్యాల వైరుకు జాక్ పిన్ను ఎంచుకోవడం ఎలా?



వార్షికోత్సవం ఇంకో వారం ఉందనగా మన హాస్టల్లో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కీబోర్డు వైరు ఎక్కడ?" వైరు దొరకడం కష్టమేమీ కాదు. అల్మారాలో చుట్టలు చుట్టలుగా పడి ఉంటాయి. పనిచేసే వైరు దొరకడమే కష్టం. ఒకటి అసలు పలకదు. ఇంకొకటి పిన్నును వేలితో ఒక పక్కకు నొక్కి పట్టుకుంటేనే పలుకుతుంది. మూడోది పాటకంటే ఎక్కువగా 'బుయ్' అని మోగుతుంది.

మేము కొందరం గత మూడేళ్లుగా ఈ పాడైన వైర్లను విప్పి చూస్తూ, బాగు చేస్తూ, కొత్తవి సొంతంగా తయారు చేస్తూ వస్తున్నాం. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, గిటారు, డప్పుకు అతికించిన పికప్, అన్నింటికీ ఇప్పుడు మన చేతి వైర్లే. విప్పిన ప్రతిసారీ మాకు కనిపించింది దాదాపు ఒకటే. వైరు మధ్యలో తెగడం అరుదు. తెగేది చివర, పిన్ను దగ్గర. అందుకే ఈ వ్యాసంలో వైరు గురించి క్లుప్తంగా, పిన్ను గురించి వివరంగా చెప్పదలచాం. ఎలక్ట్రానిక్స్ చదవని మిత్రులకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాం. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్లకు మరీ సులువు.

పిన్నుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

మన సాంస్కృతిక బృందం ఇప్పుడు హాస్టల్ ఆవరణకే పరిమితం కాదు. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లగుట్టలే. ఈ రోజు మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం కంపెనీల్లో మన పూర్వ విద్యార్థులు ఉద్యోగాలు చేస్తున్నారు. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి, ఏడాది చివర సాంస్కృతిక కార్యక్రమాలకు మనల్ని పిలుస్తున్నారు. అక్కడి ఆడిటోరియాల్లో మిక్సర్, స్పీకర్లు, లైట్లు అన్నీ ఉంటాయి. వాయిద్యం నుంచి స్టేజి మీది పెట్టె దాకా వెళ్లే వైరు మాత్రం మనం తీసుకుపోయేదే. మనకిచ్చే సమయం పదిహేను, ఇరవై నిమిషాలు.

ఒకసారి రెండో పాట పల్లవిలోనే కీబోర్డు ఆగిపోయింది. అది దుకాణంలో కొన్న రెడీమేడ్ వైరు. పిన్ను మీద రబ్బరు పోతపోసి ఉంది కాబట్టి విప్పి చూసే అవకాశం కూడా లేదు. డప్పు మీదే పాట ముగించారు. సభలో కూర్చున్నవాళ్లకు పిన్ను సంగతి ఏం తెలుస్తుంది? హాస్టల్ పిల్లలు సరిగ్గా నేర్చుకోలేదనుకుంటారు. పిలిచిన అన్నయ్య పక్క సీట్లోని తన మేనేజరు ముఖం చూడలేక తల దించుకోవడం మేము స్టేజి పక్క నుంచి చూశాం. ఆరు నెలలు సాధన చేసిన పాటకు అలా జరగకూడదనే పట్టుదలతోనే ఈ పని మీద కూర్చున్నాం.

జాక్ పుట్టు పూర్వోత్తరాలు

ఈ పిన్ను సంగీతం కోసం పుట్టింది కాదు. 1878లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. ఆ తర్వాతి ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక తీగ చివరి పిన్నును తీసి ఇంకో రంధ్రంలో పెట్టి ఇద్దరి మధ్య మాట కలిపేవారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు చార్లెస్ స్క్రిబ్నర్ రూపొందించిన స్విచ్చు మడతకత్తిని పోలి ఉండడంతో దానికి జాక్-నైఫ్ అనే పేరు వచ్చింది. అదే కురచై జాక్ అయింది. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్లు, ఆంప్లిఫయర్లు వచ్చినప్పుడు తయారీదారులు ఆ పావు అంగుళం కొలతనే తీసుకున్నారు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి పావు అంగుళం 6.35 మిల్లీమీటర్లు. నూరేళ్లు దాటినా ఆ కొలత మారలేదు. రోజంతా పెట్టి తీసినా తట్టుకునేలా ఆలోచించి చేసిన వస్తువు అది. ఇప్పుడు మార్కెట్లో దొరికే చవక పిన్నుల్లో ఆ ఆకారం ఉంది గానీ ఆ ఓర్పు లేదు.

మన దుకాణాల్లో దీన్ని 'పి-38' అంటారు. 'పి-38 మోనో మేల్' అంటే మగ పిన్ను. పిన్ను చివర ముక్కులాంటి భాగం టిప్, వాయిద్యం శబ్దం దీని గుండానే వెళ్తుంది. వెనకాల ఉన్న పొడవాటి భాగం స్లీవ్, అది వైరులోని జాలీకి, అంటే షీల్డుకు కలుస్తుంది. రెంటి మధ్య నల్లటి ప్లాస్టిక్ గీత ఒకటి ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో. గిటారుకు, ప్యాడ్ అవుట్‌పుట్‌కు, పికప్‌కు మోనో చాలు.

కీబోర్డు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. పెద్ద కీబోర్డులకు ఎడమ, కుడి అని రెండు అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఒకే వైరు ఉంటే ఎడమ-మోనో అని రాసిన దాంట్లో పెట్టాలి. మన దగ్గరున్నటువంటి చిన్న కీబోర్డులకు హెడ్‌ఫోన్, అవుట్‌పుట్ రెండూ కలిపి ఒకే స్టీరియో రంధ్రం ఉంటుంది. అందులో మోనో పిన్ను పెడితే కుడి వైపు శబ్దం నేరుగా షీల్డుకు కలిసి షార్టు అవుతుంది. కీబోర్డు వైపు స్టీరియో పిన్ను వేసి, టిప్‌ను మాత్రం లోపలి తీగకు కలిపి, మధ్య రింగును ఖాళీగా వదిలేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

అసలు చూడవలసింది పట్టు

పిన్ను చేతిలోకి తీసుకోగానే అందరూ దాని మెరుపు చూస్తారు. మేము మొదట మూత విప్పి వైరును పట్టుకునే భాగం చూస్తాం. స్టేజి మీద వైరును ఎవరో ఒకరు తొక్కుతారు, డప్పు కొట్టే తమ్ముడు నాలుగడుగులు ముందుకు వేస్తాడు. ఆ లాగుడు బలం ఎక్కడికి పోతుంది? వైరు పై తొడుగును పిన్ను గట్టిగా పట్టుకుని ఉంటే బలం తొడుగు మీద పడుతుంది. పట్టు లేకపోతే మొత్తం బలం వెంట్రుకల్లాంటి రాగి తీగల అతుకు మీద పడుతుంది. టంకం అనేది కరెంటు కలపడానికి, బరువు మోయడానికి కాదు. ఇది గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసంలో సగం చదివినట్లే.

చవక పిన్నుల్లో పట్టు కోసం రెండు రేకు చెవులు ఉంటాయి. ప్లయర్‌తో వాటిని వైరు మీదికి వంచాలి. రేకు పలచనైతే రెండోసారి విప్పి వంచేటప్పటికే విరుగుతుంది. అంచు పదునుగా ఉంటే తొడుగును కోసి షీల్డును కూడా తెంపుతుంది. దుకాణంలోనే గోటితో చెవిని కొంచెం కదిపి చూడండి. కాగితంలా వంగితే పక్కన పెట్టేయండి. రేకు చెవులున్నవన్నీ చెడ్డవి కావు. 1946లో చికాగోలో మొదలైన స్విచ్‌క్రాఫ్ట్ కంపెనీ 280 రకం పిన్ను పాత పద్ధతిదే, దాని రేకు మందంగా ఉంటుంది, దశాబ్దాలుగా సంగీతకారులు వాడుతూనే ఉన్నారు.

రెండో పద్ధతి, చెవులకు బదులు చీలికలున్న ప్లాస్టిక్ గొట్టం. మూత బిగిస్తున్న కొద్దీ ఆ గొట్టం వైరు చుట్టూ దగ్గరకు ముడుచుకుంటుంది. డ్రిల్లింగ్ మెషీన్‌లో బిట్టు బిగించినట్లే. 1975లో లీచెన్‌స్టయిన్ అనే చిన్న దేశంలో మొదలైన న్యూట్రిక్ కంపెనీ పిన్నులు ఈ పద్ధతివే. ఎన్నిసార్లు విప్పి బిగించినా పట్టు పోదు. మన అవసరానికి ఇదే మేలని మా అభిప్రాయం. వాళ్లదే రియాన్ అనే తక్కువ ధర రకం కూడా ఉంది.

ఏ పట్టయినా వైరు లావుకు సరిపోవాలి. న్యూట్రిక్ సాధారణ మోనో పిన్ను 4 నుంచి 7 మిల్లీమీటర్ల లావు వైరును పట్టుకుంటుంది. అంతకంటే సన్నటి వైరైతే పట్టు చోట హీట్ ష్రింక్ స్లీవ్ ఒకటి రెండు పొరలు వేసి లావు చేయవచ్చు. ఇన్సులేషన్ టేపు చుట్టకండి. ఎండాకాలంలో దాని జిగురు కరిగి వైరు జారిపోతుంది.

ముక్కు ఒకటే ముక్కై ఉండాలి

రెండో పరీక్ష టిప్‌కు. చాలా పిన్నుల్లో ముక్కు ఒక విడి భాగం, లోపలి కడ్డీకి నొక్కి అతికిస్తారు. కొత్తలో బాగానే ఉంటుంది. వాడుతుండగా ఆ అతుకు వదులై ముక్కు తిరగడం మొదలవుతుంది. మనం వినే 'గరగర' చాలాసార్లు ఇదే. కొనే ముందు ఒక చేత్తో పిన్ను పట్టుకుని ఇంకో చేతి రెండు వేళ్లతో ముక్కును తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా వద్దు. వెనక మూత విప్పితే మధ్య కడ్డీకి అతుకు పెట్టే చెవి ఉంటుంది. అది కూడా కదలకూడదు. మంచి రకాల్లో ముక్కు, కడ్డీ ఒకే లోహపు ముక్కను చెక్కి చేస్తారు.

ముక్కు వెనక సన్నటి మెడలాంటి నొక్కు ఉంటుంది. వాయిద్యంలోని స్ప్రింగు రేకు వచ్చి కూర్చునేది అక్కడే. ఆ 'టక్'మనే శబ్దం అదే. నొక్కు లోతు తక్కువైనా, పిన్ను పొడవు కొంచెం తేడాగా ఉన్నా స్ప్రింగు సరిగ్గా కూర్చోదు. మన హాస్టల్ ల్యాబ్ మిత్రుల దగ్గర వెర్నియర్ కాలిపర్స్ ఉంటే తీసుకెళ్లండి, స్లీవ్ లావు 6.35కు దగ్గరగా ఉండాలి. అది లేకపోయినా నష్టం లేదు. ఒక మంచి ఆడ సాకెట్టును జేబులో వేసుకుని వెళ్లి అక్కడే పెట్టి తీసి చూడండి. పిన్ను పెట్టాక సాకెట్టును తలకిందులుగా పట్టుకుని విదిలిస్తే జారిపడకూడదు.

బంగారు పూత మాయ

పసుపు రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ల కోసం కొంచెం ఫిజిక్స్. లోహాల నిరోధకతను ఓం-మీటరులో పది కోట్లో వంతు లెక్కన చెబితే వెండి 1.59, రాగి 1.68, బంగారం 2.44, నికెల్ సుమారు 7. అంటే బంగారం రాగికంటే కూడా వెనకే. పైగా గిటారు పంపే కరెంటు ఎంతో చూడండి. సిగ్నలు 100 మిల్లీవోల్టులు, ఆంప్లిఫయరు ఇన్‌పుట్ నిరోధం పది లక్షల ఓంలు అనుకుంటే, కరెంటు ఒక మైక్రో ఆంపియర్‌లో పదో వంతు. ఇంత చిన్న కరెంటుకు పిన్ను నిరోధంలో తేడా ఎవరి చెవికీ అందదు. బంగారం గొప్పతనం వేరే ఉంది. అది చిలుము పట్టదు. ఏళ్ల తరబడి ఒకే చోట పెట్టి ఉంచే పిన్నుకు అది లాభమే. కానీ బంగారు పూత మెత్తన, పలచన. రోజూ పెట్టి తీసే మన పిన్నుకు అది త్వరగా అరిగిపోతుంది. నికెల్ పూత గట్టిది. చెమట చేతులతో ముట్టుకున్నాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పసుపు రంగుకు పెట్టే డబ్బు పట్టుకు పెట్టండి.

పూత కింద ఏ లోహం ఉందో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు. మంచి పిన్ను ఒళ్లు ఇత్తడి, దానికి అయస్కాంతం అంటదు. నికెల్ పూత ఉంటే చాలా బలహీనంగా లాగినట్లు అనిపించవచ్చు, అది మామూలే. గట్టిగా పట్టుకుంటే లోపల ఇనుము అని అర్థం. వానాకాలం పందిరి కింద రెండు కార్యక్రమాలు చేసేసరికి తుప్పు పడుతుంది.

మూత ప్లాస్టిక్‌ది అయితే రెండు నష్టాలు. ఒకటి, కాలి కింద పడితే పగులుతుంది. రెండు, అతుకు ఉన్న చోట షీల్డు రక్షణ పోతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ గాలిలోంచి చొరబడడమే మనం వినే 'బుయ్'. లోహపు మూత షీల్డుకు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని అడ్డుకుంటుంది. మూత మరలు నాలుగైదు చుట్లు నున్నగా తిరగాలి. ఒక చుట్టుకే బిగుసుకునేది, ఎంత తిప్పినా బిగుసుకోనిది రెండూ పనికిరావు.

కోఠీకి వెళ్దాం

ఇంటర్నెట్‌లో ఆర్డరు పెడితే గచ్చిబౌలి దాకా తెచ్చి ఇస్తారు. కానీ పైన చెప్పిన పరీక్షలన్నీ చేత్తో చేసేవి. అందుకే మేము కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తాం. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి ఎల్బీ నగర్ వైపు రైలు మారితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి నడక. ఆ గల్లీలో స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు, వైరు, పిన్ను, స్క్రూ దాకా దొరకనిది తక్కువ. రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టి-వర్క్స్‌లో కొత్త పరికరాల నమూనాలు తయారు చేసే పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. అక్కడా ఇక్కడా సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఒకటే అని మాలో ఒకరు సరదాగా అంటుంటారు.

దుకాణంలో మొహమాటపడకండి. "భాయ్, ఒక్క పిన్ను విప్పి చూస్తా" అని అడిగితే చాలామంది సరేనంటారు. విప్పనివ్వని చోట కొనకపోతే సరి. పేరున్న కంపెనీల నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి అచ్చు వేసిన పేరును ఒక్కదాన్నే నమ్మవద్దు. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, బరువు సరిగ్గా ఉందా, మరలు నున్నగా తిరుగుతున్నాయా చూడండి. పేరు లేని పిన్ను అయినా పై పరీక్షలన్నీ నెగ్గితే మేము సంతోషంగా కొంటాం.

ఇక డబ్బు సంగతి. ధరలు దుకాణాన్ని బట్టి మారతాయి, లెక్క కోసం చవక పిన్ను 40 రూపాయలు, మంచి పిన్ను 350 అనుకుందాం. ఒక వైరుకు రెండు పిన్నులు, అంటే 80కి, 700కి తేడా. హాస్టల్ విద్యార్థికి 700 అంటే చిన్న మాట కాదు, మాకూ తెలుసు. కానీ చవక జత ఏడాదికి మూడుసార్లు మార్చవలసి వస్తే మూడేళ్లకు 720 అవుతుంది. ప్రతిసారీ కోఠీ ప్రయాణం అదనం, స్టేజి మీద ఆగిపోయే భయం అదనం. మేము మధ్యేమార్గం ఒకటి పాటిస్తున్నాం. వాయిద్యం వైపు పిన్ను కదులుతుంది, లాగబడుతుంది కాబట్టి అక్కడ మంచిది. మిక్సర్ వైపు పిన్ను ఒకసారి పెట్టాక కదలదు కాబట్టి అక్కడ పరీక్షలు నెగ్గిన చవకది. మూడేళ్లలో ఈ పద్ధతి మమ్మల్ని నిరాశపరచలేదు. గోడకు ఆనించి పెట్టే కీబోర్డుకు వంకర పిన్ను, అంటే ఎల్ ఆకారం పిన్ను వాడితే వైరు మెడ విరగకుండా ఉంటుంది.

వైరు విషయం రెండు మాటల్లో. సింగిల్ కోర్ షీల్డు వైరు అడగండి. జాలీ దట్టంగా అల్లి ఉండాలి. స్పీకరు వైరు వాడకూడదు, దానికి జాలీ ఉండదు. ఈ వైరును స్పీకరుకూ వాడకూడదు, 8 ఓంల స్పీకరుకు 100 వాట్లు ఇస్తే మూడున్నర ఆంపియర్ల కరెంటు వెళ్తుంది, సన్నటి తీగ వేడెక్కుతుంది. గిటారుకు 6 మీటర్లు మించకపోవడం మంచిది. వైరు కూడా ఒక కెపాసిటరే, మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు, పొడవు పెరిగే కొద్దీ గిటారు స్వరంలోని పదును తగ్గుతుంది.

అతుకు పెట్టేటప్పుడు

ముందుగా మూతను, ప్లాస్టిక్ గొట్టాన్ని వైరుకు ఎక్కించండి. ఇది మరిచిపోయి అంతా అతికించాక తల పట్టుకోని సోల్డరింగ్ మేస్త్రీ ఉండడని కోఠీ దుకాణదారులే నవ్వుతూ చెబుతారు. తర్వాత పై తొడుగు రెండు సెంటీమీటర్లు తీయండి. జాలీని పక్కకు తీసి పురితాడులా పేనండి. కొన్ని వైర్లలో జాలీ కింద లోపలి తీగ మీద నల్లటి పలచని పొర ఉంటుంది. చూడడానికి ప్లాస్టిక్‌లా ఉన్నా అది కరెంటును ప్రవహింపజేసే పదార్థం. దాన్ని కొద్దిగా వెనక్కి కోయకపోతే టిప్‌కు తగిలి శబ్దం బలహీనపడుతుంది.

60-40 రకం టంకం, అంటే అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం, సుమారు 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. తీగకు విడిగా, చెవికి విడిగా ముందే కొద్దిగా టంకం పట్టించి, తర్వాత రెంటినీ కలిపి రెండు మూడు సెకన్లు వేడి చేస్తే చాలు. టిప్ చెవికి 25 వాట్ల ఐరన్ సరిపోతుంది. షీల్డు అతికే భాగం మందపాటి లోహం, వేడిని లాగేసుకుంటుంది. అక్కడ 40 వాట్లు ఉంటే మంచిది. తక్కువ వేడితో ఎక్కువసేపు పెట్టడం కంటే తగిన వేడితో త్వరగా ముగించడం మేలు. ఆలస్యమైతే మధ్య ప్లాస్టిక్ మెత్తబడి ముక్కు పక్కకు వాలుతుంది. అందుకే పిన్నును ఒక పాత సాకెట్టులో గుచ్చి ఉంచి అతుకు పెడతాం. ముక్కు వంకర పోదు, ఎక్కువ వేడి సాకెట్టులోకి పోతుంది. చల్లారాక అతుకు నున్నగా మెరవాలి. ఇసుకలా గరుకుగా, బూడిద రంగులో ఉంటే మళ్లీ వేడి చేయాలి. ఊది చల్లార్చకండి. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా మెస్‌కు వెళ్లవద్దు. కిటికీలు తెరిచి ఉంచండి.

పరీక్షకు మల్టీమీటరును బీప్ మీద పెట్టండి. టిప్ నుంచి టిప్‌కు, స్లీవ్ నుంచి స్లీవ్‌కు బీప్ రావాలి. టిప్ నుంచి స్లీవ్‌కు రాకూడదు. పిన్ను దగ్గర వైరును నాలుగు దిక్కులా వంచుతూ బీప్ తెగుతుందేమో వినండి. ఇది నెగ్గనిదే వైరు మీద నంబరు వేయం.

పిన్ను తప్పు కానివి

వైరు బాగున్నా డప్పు పికప్ 'టకటక' అని పలచగా వినిపిస్తుందని జూనియర్లు పిన్నులు మార్చుతూ ఉంటారు. అక్కడ దోషం పిన్నుది కాదు. డప్పుకు అతికించే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. దాన్ని 10 వేల ఓంల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే సుమారు 800 హెర్ట్జ్ కంటే కింది స్వరాలన్నీ తగ్గిపోతాయి. డప్పు గుండె అంతా అక్కడే ఉంది. పది లక్షల ఓంల ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, మోత మొత్తం వస్తుంది. మిక్సర్ మీద గిటారు గుర్తు గానీ 'హై-జెడ్' అని గానీ ఉన్న రంధ్రం చూసి పెట్టండి. లేకపోతే మధ్యలో డీఐ బాక్స్ పెట్టమని అడగండి.

పిన్ను పెట్టేటప్పుడు 'ఢాం' అనే శబ్దం కూడా లోపం కాదు. లోపలికి వెళ్లే దారిలో ముక్కు వేరే రేకుకు, మన వేలికి తగులుతుంది కాబట్టి వస్తుంది. మిక్సర్ దగ్గరున్న వ్యక్తికి చేయి చూపి, వాల్యూమ్ తగ్గించాకే పెట్టండి, తీయండి. తీసేటప్పుడు మూత పట్టుకుని తీయాలి గానీ వైరు పట్టుకుని లాగకూడదు.

ఒక్క విషయం మాత్రం నవ్వుతూ చెప్పేది కాదు. లోహపు పిన్ను షీల్డుకు, షీల్డు ఆంప్లిఫయరు ఒంటికి, అక్కడి నుంచి ఎర్తుకు కలిసి ఉంటాయి. గిటారు తీగలు కూడా అంతే. బస్తీల్లో పందిరి వేసినప్పుడు మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలు విరిచి రెండు కాళ్ల బోర్డులో పెట్టడం మనం చూస్తూనే ఉంటాం. అప్పుడు ఆంప్లిఫయరులో లోపం వస్తే కరెంటు నేరుగా మన చేతిలోని పిన్ను దాకా వస్తుంది. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజి మీదే షాక్ తగిలి మరణించాడు. తడి నేల, చెప్పులు లేని కాళ్లు, ఒక చేత్తో వాయిద్యం, ఇంకో చేత్తో మైకు, మన తమ్ముళ్లు నిలబడే తీరు సరిగ్గా ఇదే. 'బుయ్' పోవడానికి ఎర్తు తీసేయమని ఎవరు చెప్పినా వినకండి. ఎర్తు ఉన్న సాకెట్టు దొరకకపోతే ఆ రోజు కరెంటు వాయిద్యాలు వద్దు, డప్పు ఉంది, గొంతులున్నాయి.

ప్రస్తుతం అల్మారాలో నంబర్లు వేసిన వైర్లు పదకొండు ఉన్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా 5 మీటర్ల మోనో వైర్లు, ఏడు, ఎనిమిది చిన్న కీబోర్డు కోసం ఒక చివర స్టీరియో పిన్ను వేసినవి, మిగతావి 3 మీటర్లవి. పక్కనే బిస్కెట్ల టిన్ను డబ్బాలో అదనపు పిన్నులు నాలుగు, పాత సాకెట్టు, అయస్కాంతం, టంకం ఉన్నాయి. తీసుకెళ్లేవారు రిజిస్టరులో వైరు నంబరు రాయగలరు, పలకని వైరును మళ్లీ చుట్టలో కలపకుండా దానికి ఎర్ర దారం కట్టి పెట్టగలరు. ఏప్రిల్ 14 కార్యక్రమాలకు వైర్లు కావలసిన పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు పది రోజుల ముందు కబురు చేస్తే చాలు. వాయిద్యం పేరు, స్టేజి పెట్టెకు ఉన్న దూరం, రెండు చివర్లా ఏ రంధ్రం ఉందో ఈ మూడూ చెప్పండి.